రెండు పంచాంగాల నడుమ మన పండుగలు, ఒక్కపొద్దులు

(నేతకుటుంబాల సమాఖ్య వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగానికి రాతరూపం)



పండుగలు, ఉపవాసాలు, పంచాంగం గురించి మాట్లాడమన్నారు. ఏ దేవుడికి ఏ నైవేద్యం అన్నది మన ఇళ్లలో ఆడవాళ్లకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. అది చెప్పడానికి నేను అక్కర్లేదు. వాళ్లను కూడా తికమక పెట్టే ఒక సంగతి ఉంది, దాని గురించి మాట్లాడతాను. మనం మాట్లాడేది తెలుగు, బతికేది తమిళ దేశంలో. మన ఇంట్లో రోజుకో కాగితం చించే కాలెండరు తమిళంలో ఉంటుంది. పూజ గదిలో, ఉన్నవాళ్ల ఇంట్లో, తిరుపతి నుంచో చిత్తూరు నుంచో తెచ్చిన తెలుగు పంచాంగం ఉంటుంది. రెండూ నిజమే చెబుతాయి, కానీ రెండూ ఒకే లెక్క చెప్పవు. ఆ తేడా తెలియకపోతే అత్తాకోడళ్ల మధ్య, అన్నదమ్ముల మధ్య, ఇంటికీ పురోహితుడికీ మధ్య మాటలు పెరుగుతాయి. తెలిస్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

ఇది ఈరోజు పుట్టిన చిక్కు కాదు. 1911 దాకా వేలూరు, గుడియాత్తం, చిత్తూరు, తిరుపతి అన్నీ ఒకటే ఉత్తర ఆర్కాడు జిల్లా. ఆ ఏడు ఏప్రిల్‌లో చిత్తూరు జిల్లా విడిపోయింది. గీత గీసింది సర్కారు. నూలు, చీరలు, పెళ్లి సంబంధాలు, పంచాంగం మాత్రం ఆ గీత దాటి వస్తూ పోతూనే ఉన్నాయి.

ఒకటి సూర్యుడి లెక్క, ఇంకొకటి చంద్రుడి లెక్క

తమిళ నెల సూర్యుడిది. సూర్యుడు ఒక రాశిలోంచి ఇంకో రాశిలోకి అడుగుపెడితే నెల మారుతుంది. మేషంలోకి వస్తే చిత్తిరై, వృషభంలోకి వస్తే వైగాసి. పొద్దు గుంకే లోపల సూర్యుడు రాశి మారితే ఆ రోజే ఒకటో తేదీ, తర్వాత మారితే మర్నాడు. అందుకే తమిళ నెల ఒకటో తేదీ ప్రతి ఏడూ ఇంగ్లీషు నెల నడుమే, ఒకరోజు అటూ ఇటూగా వస్తుంది.

తెలుగు నెల చంద్రుడిది. అమావాస్య మర్నాడు పాడ్యమితో మొదలై మళ్లీ అమావాస్యతో ముగుస్తుంది. అలాంటి నెలలు పన్నెండు కలిపితే 354 రోజులు. సూర్యుడి ఏడాదికి సుమారు 11 రోజులు తక్కువ. ఆ తరుగు పేరుకుపోతే ఉగాది ఎండాకాలం నుంచి చలికాలానికి జారిపోతుంది. అలా జరగకుండా రెండున్నర, మూడేళ్లకు ఒకసారి ఒక నెలను అదనంగా కలుపుతారు. అదే అధిక మాసం. నేతవాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. పడుగు ఒక కొలత, పేక ఒక కొలత. రెండూ సరిపోకపోతే గుడ్డ లాగేస్తుంది, ఎక్కడో ఒకచోట సర్దాలి. పంచాంగం చేసే సర్దుబాటు అధిక మాసం.

ఈ ఏడు 2026లో మనకు అధిక జ్యేష్ఠం వచ్చింది. మే 17 నుంచి జూన్ 15 వరకు అధికం, జూన్ 16 నుంచి నిజ జ్యేష్ఠం. 2023లో అధిక శ్రావణం వచ్చింది, గుర్తుండే ఉంటుంది. ఆ ఏడు వరలక్ష్మీ వ్రతం ఎప్పుడని ఇంటింటా అడిగారు.

సంవత్సరం పేరులోనూ ఈ తేడా కనిపిస్తుంది. ప్రభవ, విభవ అనే అరవై పేర్ల వరస ఇద్దరికీ ఒకటే. కానీ 2026లో మన ఉగాది మార్చి 19న, తమిళ సంవత్సరాది ఏప్రిల్ 14న. ఈ మధ్యలో సుమారు నాలుగు వారాలు తెలుగు పత్రికలో ‘పరాభవ’ అని, తమిళ పత్రికలో ఇంకా ‘విశ్వావసు’ అని రాస్తారు. ఆ రోజుల్లో పెళ్లి శుభలేఖ రెండు భాషల్లో అచ్చేస్తే రెండు వైపులా రెండు సంవత్సరాల పేర్లు వస్తాయి. అది అచ్చుతప్పు కాదు. ఎవరినీ కోప్పడకండి.

ఒకే పేరు, వేరే నెల

అసలు తికమక పేర్లతో వస్తుంది. రెండు వైపులా నెలల పేర్లు ఒకటిలాగే వినిపిస్తాయి. చైత్రం చిత్తిరై, వైశాఖం వైగాసి, ఆషాఢం ఆడి, శ్రావణం ఆవణి, కార్తీకం కార్తిగై, మాఘం మాసి. పిల్లలు ఇవి ఒకటే అనుకుంటారు. కావు. సూర్యుడు మేషంలోకి ఏ చాంద్రమాసంలో వస్తాడో ఆ మాసం చైత్రం. అంటే తెలుగు నెల ముందు మొదలవుతుంది, అదే పేరున్న తమిళ నెల దాని మధ్యలో ఎక్కడో మొదలవుతుంది. ఒక్కో ఏడు ఒకటి రెండు రోజుల తేడా, ఒక్కో ఏడు దాదాపు నెల తేడా.

కార్తీక దీపమే చూడండి. మనవాళ్లు కార్తీక పౌర్ణమికి శివాలయంలో దీపాలు పెడతారు. తిరువణ్ణామలైలో కొండ మీద దీపం వెలిగించేది తమిళ కార్తిగై నెలలో కృత్తికా నక్షత్రం నాడు. 2023లో రెండూ దగ్గరగా వచ్చాయి, నవంబరు 26 సాయంత్రమే కొండ మీద దీపం, మన ఇంట్లో దీపాలు. 2025లో మన పౌర్ణమి నవంబరు 5న, తిరువణ్ణామలై దీపం డిసెంబరు 3న. ఈ ఏడు అధిక మాసం వచ్చి చాంద్రమాసాలను వెనక్కి నెట్టింది కాబట్టి మళ్లీ రెండూ నవంబరు 24న కలుస్తున్నాయి. కలిసినప్పుడు సంతోషం, విడిపోయినప్పుడు రెండుసార్లు దీపం పెట్టుకోవచ్చు. నూనె ఖర్చు తప్ప దోషం ఏమీ లేదు.

షష్ఠి ఇంకో ఉదాహరణ. తమిళనాట కంద షష్ఠి దీపావళి అమావాస్య తర్వాత ఆరో రోజు. తెలుగు వైపు సుబ్రహ్మణ్య షష్ఠి మార్గశిర శుద్ధ షష్ఠి, అంటే నెల తర్వాత. 2025లో ఒకటి అక్టోబరు 27న, ఇంకొకటి నవంబరు 26న వచ్చాయి. చిత్తూరు వైపు నుంచి వచ్చిన కోడలు ‘షష్ఠి ఇంకా రాలేదత్తా’ అంటే, ఇక్కడే పుట్టిన అత్త ‘పోయిన నెలే అయిపోయింది కదమ్మా’ అంటుంది. ఇద్దరి మాటా నిజమే.

మన పద్మశాలీలకు ముఖ్యమైన మార్కండేయ జయంతి మాఘ శుద్ధ తదియ. మాఘం అంటే మాసి అనుకుని తమిళ కాలెండరులో మాసి నెల వెతికితే దొరకదు. 2024లో, 2025లో, 2026లో మూడుసార్లూ అది తై నెలలోనే వచ్చింది. పిల్లలకు ఈ ఒక్క సంగతి చెప్పినా చాలు.

ఏ పండుగ ఏ లెక్కలోది?

మనం పూర్తిగా చంద్రుడివాళ్లం అనుకోకండి. సూర్యుడి లెక్కలో మనమూ చాలా చేస్తాం.

సంక్రాంతి సూర్యుడిది. భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజులూ తమిళుల భోగి, పొంగల్, మాట్టుపొంగల్‌తో కలిసిపోతాయి. ధనుర్మాసం అంటే మార్గళి, అదీ సూర్యుడిదే. ఆ ధనుస్సు సూర్యుడితో ముడిపడిన ముక్కోటి ఏకాదశికి రెండు వైపుల వాళ్లూ ఒకే రోజు గుడికి పోతారు. ఆడి శుక్రవారాల కూళ్లు, ఆడి కృత్తికకు తిరుత్తణి కావడి, పెరటాసి శనివారాల తళిగ, ఇవన్నీ సూర్యమానమే. పెరటాసి శనివారం తెలుగు పంచాంగంలో పెద్ద అక్షరాలతో ఉండదు. కానీ వేలూరు, చిత్తూరు వైపు తెలుగు ఇళ్లలో ఆ శనివారాలు ఒక్కపొద్దు ఉండి, పెరుమాళ్లకు తళిగ వేసి, గోవింద కొట్టి భోజనం చేయడం మామూలే. దాన్ని మనం ఎవరి దగ్గరా అరువు తెచ్చుకోలేదు. ఉన్న ఊరు మనకిచ్చింది, మనం తీసుకున్నాం.

మన గుడియాత్తం గంగమ్మ శిరసు పండుగ అన్నిటికన్నా మంచి ఉదాహరణ. వైగాసి ఒకటో తేదీ, అంటే మే 14 గానీ 15 గానీ. ఎవరినీ అడగక్కర్లేదు, పంచాంగం తిప్పక్కర్లేదు. రేణుకాదేవి కథ మనందరికీ తెలుసు. జమదగ్ని ఆజ్ఞ, పరశురాముడి గొడ్డలి, మళ్లీ ప్రాణం పోసుకున్న తల్లి. ఆ తల్లి శిరస్సును వీధుల్లో ఊరేగించి, కౌండిన్య ఏటి ఒడ్డున గోపాలపురం గుడిలో దేహానికి అమర్చే రోజు అది. దారి పొడుగునా కొట్టే టెంకాయలకు లెక్క ఉండదు. ఆ రోజు తమిళం మాట్లాడే ఇల్లు, తెలుగు మాట్లాడే ఇల్లు అని తేడా లేదు. ఏ మగ్గమూ ఆడదు.

చంద్రుడి లెక్కలో ఉన్నవి ఉగాది, శ్రీరామనవమి, వరలక్ష్మీ వ్రతం, వినాయక చవితి, నవరాత్రి, దీపావళి, శివరాత్రి. వీటిలో ఉగాది ఒక్కటే మనది మాత్రమే. మిగతావి తమిళులూ తిథి చూసే చేస్తారు. కాబట్టి నిజంగా తేడా వచ్చేవి చాలా తక్కువ. దేనికి తిథి, దేనికి నక్షత్రం, దేనికి తమిళ తేదీ అన్నది తెలిస్తే సగం చిక్కు పోతుంది.

నక్షత్రంతో ఇంకో చిక్కు ఉంది. చంద్రుడు 27 నక్షత్రాలు తిరిగి రావడానికి 27 రోజుల పైచిలుకు పడుతుంది. తమిళ ఆడి నెలకు 31, 32 రోజులు. కాబట్టి ఒకే నెలలో ఒక నక్షత్రం రెండుసార్లు రావచ్చు. 2025లో ఆడి నెలలో కృత్తిక జూలై 20న ఒకసారి, ఆగస్టు 16న ఇంకోసారి వచ్చింది. కావడి ఎప్పుడు ఎత్తాలని అందరూ అడిగారు. అలాంటప్పుడు మీరు మొక్కుకున్న గుడి ఏ రోజు చేస్తుందో ఆ రోజే మీకూ.

తిథి ఏ పూట ఉండాలి?

‘కాలెండరులో తదియ అని వేశారు, సంకష్టహర చవితి అని కిందే వేశారు, ఏది నిజం?’ అని పిల్లలు అడుగుతారు. కాలెండరులో పెద్దగా వేసేది పొద్దున సూర్యోదయానికి ఉన్న తిథి. తిథి ఇరవై నాలుగు గంటలు ఉండాలని లేదు, ఏ గంటకైనా మారుతుంది. ఒక్కో వ్రతానికి ఒక్కో పూట ముఖ్యం.

ప్రదోషానికి సాయంత్రం పొద్దు గుంకే వేళ త్రయోదశి ఉండాలి. సంకష్టహర చవితికి చంద్రోదయానికి చవితి ఉండాలి, ఎందుకంటే చంద్రుడిని చూశాకే భోజనం. శివరాత్రికి అర్ధరాత్రి చతుర్దశి ఉండాలి. పితృతర్పణానికి మధ్యాహ్నం దాటిన పూట అమావాస్య చూస్తారు. ఏకాదశికి సూర్యోదయం చూస్తారు. వైష్ణవ సంప్రదాయంలో ఇంకొంచెం కఠినం: సూర్యోదయానికి ముందు నాలుగు ఘడియలు, అంటే 96 నిమిషాల్లో దశమి తగిలినా ఆ రోజు వదిలి మర్నాడు ఉంటారు. అందుకే కొన్ని నెలల్లో కాలెండరు మీద రెండు రోజులు వరసగా ఏకాదశి కనిపిస్తుంది. ఇంటి సంప్రదాయం ఏదో దాన్ని పట్టుకుంటే చాలు, రెండు రోజులూ పస్తుండక్కర్లేదు.

వేలూరు కోట జలకంఠేశ్వరుడి గుడికి ప్రదోషానికి పోయేవాళ్లు ఈ సభలో చాలామంది ఉన్నారు. శతాబ్దాలు మూలమూర్తి లేకుండా ఖాళీగా ఉన్న ఆ గర్భగుడిలో 1981లో మళ్లీ లింగాన్ని ప్రతిష్ఠించారు. మన పెద్దవాళ్లలో ఆ రోజు చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్ల చేత పిల్లలకు చెప్పించండి.

దీపావళి అన్నిటికన్నా గట్టి ఉదాహరణ. తమిళనాట తెల్లవారుజామున నరక చతుర్దశి తలంటు స్నానం ముఖ్యం. తెలుగు దేశంలో సాయంత్రం అమావాస్య లక్ష్మీపూజ ముఖ్యం. మనం రెండూ చేస్తాం. దానికి తోడు మన ప్రాంతంలో కేదారగౌరీ నోము ఉంది. ఇరవై ఒక్క పోగుల నోము దారం, ఇరవై ఒక్క అరిసెలు. నూలు వడికిన కులానికి ఆ దారం మీద ఎంత మక్కువో చెప్పక్కర్లేదు. 2024లో అమావాస్య అక్టోబరు 31 మధ్యాహ్నం మొదలై నవంబరు 1 సాయంత్రం దాకా ఉంది. కొన్ని ఇళ్లు ముందురోజు రాత్రి నోచాయి, కొన్ని మర్నాడు నోచాయి. ఒకే వీధిలో రెండు రకాలు. ఈ ఏడు అంత చిక్కు లేదు. నవంబరు 8 తెల్లవారుజామున చతుర్దశి, ఆ మధ్యాహ్నం కాకముందే అమావాస్య వచ్చేస్తుంది. తలంటు, లక్ష్మీపూజ ఒకే రోజు.

వాక్యమా, తిరుగణితమా?

తమిళ పంచాంగాల్లోనే రెండు రకాలు. వాక్య పంచాంగం పాతది. వరరుచి పేరుతో చెప్పే చిన్న చిన్న వాక్యాల్లో అక్షరాలను అంకెలుగా దాచి, వాటితో చంద్రుడి నడక లెక్కకట్టేవాళ్లు. పాంబు పంచాంగం ఈ రకమే. తిరుగణితం అంటే ఆకాశంలో గ్రహం కనిపించే చోటును బట్టి దిద్దుకున్న లెక్క. మన తెలుగులో దాన్నే దృగ్గణితం అంటాం. రెండిటి మధ్య తిథి ముగిసే వేళలో కొన్ని గంటల తేడా రావచ్చు. గ్రహం రాశి మారే తేదీలో ఇంకా ఎక్కువ రావచ్చు. 2025 మార్చి 29న శని మారాడని తిరుగణితం చెబితే, వాక్యం అనుసరించే తిరునళ్లారు గుడి మాత్రం శనిప్పెయర్చి 2026లోనే అని ప్రకటించింది. ఒకే శని, ఏడాది తేడా.

ఇందులో ఏది గొప్పది అని నేను చెప్పను. ఒక ఇంట్లో ఒక పంచాంగం పెట్టుకోండి. ఫోనులో ఒకటి, గోడ మీద ఒకటి, పురోహితుడి చేతిలో ఒకటి చూసి మూడూ కలవలేదని బాధపడొద్దు. గుడి పండుగకు గుడి పంచాంగం, ఇంటి వ్రతానికి ఇంటి పంచాంగం.

తండ్రి తిథి తప్పకూడదు

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. పండుగ ఒకరోజు అటూ ఇటూ అయితే పోయేదేమీ లేదు. తద్దినం అలా కాదు. అమ్మానాన్నల తిథి తప్పితే మనసులో ముల్లు ఉండిపోతుంది.

ఒక లెక్క చెబుతాను, కాగితం మీద రాసుకోండి. 2023 నవంబరు 20న ఒక ఇంటి పెద్ద పోయారనుకుందాం. ఆ రోజు తెలుగు లెక్కలో కార్తీక శుద్ధ అష్టమి. తమిళ లెక్కలో కార్తిగై నెల శుక్లపక్ష అష్టమి. రెండూ ఒకేలా వినిపిస్తున్నాయి కదా? మర్నాటి ఏడు చూడండి. కార్తీక శుద్ధ అష్టమి 2024 నవంబరు 9న వచ్చింది. ఆ రోజు తమిళ నెల ఇంకా ఐప్పసి. తమిళ కార్తిగైలో శుక్ల అష్టమి డిసెంబరు 8న వచ్చింది. నెల తేడా! పెద్దకొడుకు తెలుగు పంచాంగం చూసి నవంబరులో చేస్తాడు. పక్క ఊళ్లో ఉన్న చిన్నకొడుకు తమిళ పురోహితుడి మాట విని డిసెంబరులో చేస్తాడు. ఒకరు తప్పు చేశారని ఇంకొకరు అనుకుంటారు. మాట్లాడుకోవడం మానేస్తారు. ఇద్దరూ తండ్రి కోసమే చేశారు, ఇద్దరి లెక్కా లెక్కే. ముందే కూర్చుని మన ఇంటికి చాంద్రమానమా, సౌరమానమా అని ఒక్కమాట అనుకుంటే సరిపోయేది.

అందుకని ఒక పని చెబుతాను. ఇంట్లో ఎవరైనా కాలం చేస్తే, ఆ వారంలోనే ఒక నోటుబుక్కులో ఈ ఐదూ రాసిపెట్టండి: ఇంగ్లీషు తేదీ, గంట, తెలుగు సంవత్సరం పేరు, మాసం, పక్షం, తిథి, తమిళ నెల, తేదీ, నక్షత్రం, మన ఇంట్లో ఏ లెక్కన చేస్తాం అన్నది. ఈ ఐదూ ఉంటే యాభై ఏళ్ల తర్వాత మనవడు దుబాయ్‌లో ఉన్నా, అమెరికాలో ఉన్నా తిథి దొరుకుతుంది. అవి లేక, ఇంగ్లీషు తేదీ ఒక్కటే పట్టుకుని ఏడాదికోసారి ఫొటోకు దండ వేసే ఇళ్లు మనలో పెరుగుతున్నాయి. దండ వేయడం తప్పని కాదు. తిథి పోతే దానితో పాటు మాసం పేరు, పక్షం పేరు, ఆ మాటలు చెప్పే భాష కూడా పోతాయి.

భాష ఎందుకు తెచ్చానంటే, 2006 చట్టం తర్వాత తమిళనాడులో బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. తమిళం నేర్చుకోవాలి, మన బతుకు ఇక్కడే. కానీ ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లల్లో చాలామందికి తెలుగు అక్షరాలు రావు. వాళ్ల నాయనమ్మ పూజ గదిలో ఉన్న పంచాంగం వాళ్లకు బొమ్మల పుస్తకంతో సమానం. పంచాంగం చదవడం రాని ఇంట్లో పండుగ ఎప్పుడన్నది పక్కింటివాళ్లు చెప్పాలి.

ఒక్కపొద్దు, మగ్గం

ఇక ఉపవాసాల మాట. అమావాస్య, పౌర్ణమి, రెండు ఏకాదశులు, రెండు ప్రదోషాలు, కృత్తిక, షష్ఠి, సంకష్టి, వారాల్లో శుక్రవారమో శనివారమో కలుపుకుంటే నెలలో సగం రోజులు ఏదో ఒక వ్రతం ఉంటుంది. అన్నీ ఉండమని ఏ శాస్త్రమూ చెప్పలేదు. మన పెద్దవాళ్లు ఒక ఇంటికి ఒకటో రెండో పట్టుకున్నారు. ఇలవేలుపుది ఒకటి, మొక్కుది ఒకటి.

గుంట మగ్గంలో కూర్చున్నవాడి పని తెలియనివాళ్లు ఉపవాసం గురించి సులువుగా మాట్లాడతారు. కాళ్లు తొక్కుతూనే ఉండాలి, చెయ్యి నాడెను విసురుతూనే ఉండాలి. కండెలు చుట్టే ఆడవాళ్లు దానితో పాటు వంట, పిల్లలు, నీళ్లు చూసుకోవాలి. అందుకే మనవాళ్లు పూర్తి పస్తు కన్నా ‘ఒక్కపొద్దు’ అన్నారు. ఒకపూట భోజనం, ఇంకోపూట పండో, పాలో, అటుకులో. చక్కెర వ్యాధికి మాత్రలు, సూదులు వాడేవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు డాక్టరును అడగకుండా పస్తు ఉండకండి. ఉపవాసం అంటే దేవుడి దగ్గరగా ఉండడం. కళ్లు తిరిగి మగ్గం గుంటలో పడిపోవడం కాదు.

అమావాస్య గురించి ఒక మాట. దేవాంగుల ఇళ్లలో చౌడేశ్వరి అమ్మవారు దేవల మహర్షిని కాపాడింది అమావాస్య నాడని పెద్దలు చెబుతారు, అందుకే ఆ రోజు మగ్గం ఆపుతారు. నెలకు ఒకరోజు మగ్గం ఆగితే నష్టం అని లెక్కలు వేసేవాళ్లు ఉన్నారు. ఆ రోజు నడుముకు విశ్రాంతి. మగ్గం తుడుచుకోవడానికి, తెగిన తాళ్లు మార్చుకోవడానికి అదే రోజు. ఆయుధపూజ ఏడాదికి ఒకసారి నాడెకు, పన్నెకు పసుపు కుంకుమ పెడుతుంది. అమావాస్య నెలకోసారి వాటిని ఊపిరి పీల్చుకోనిస్తుంది.

పంచాంగం మన జేబును కూడా తాకుతుంది. తెలుగువాళ్లకు ఆషాఢంలో పెళ్లిళ్లు లేవు, తమిళులకు ఆడిలో లేవు. 2025లో ఆషాఢం జూన్ 26న మొదలైతే ఆడి ఆగస్టు 16న ముగిసింది. రెండు వైపులా పెళ్లి బేరం చేసే ఇంటికి మొత్తం 52 రోజులు మూత. ఈ ఏడు ఆషాఢం జూలై 15న, ఆడి జూలై 17న మొదలవుతున్నాయి. రెండూ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి కాబట్టి మూత 33 రోజులకు తగ్గుతుంది. అయితే దానికి ముందే మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక మాసం, ఆ నెలలో తెలుగు పెళ్లిళ్లు ఉండవు, తమిళ పెళ్లిళ్లు ఉంటాయి. గుడియాత్తం లుంగీకి పెళ్లి ముహూర్తంతో పెద్ద పని లేదు, అది ఏడాది పొడుగునా తిరుగుతుంది. ఆరణి వైపు పట్టు నేసే మన బంధువులకు మాత్రం ఈ లెక్క అన్నంతో సమానం. నూలు, జరీ ఎప్పుడు తెచ్చుకోవాలి, అప్పు ఎప్పుడు తీర్చాలి అన్నది పంచాంగం చూసి ముందే అనుకోవచ్చు. ఆడి నెలలో వానపడి గుంటలోకి చెమ్మ వచ్చినా, అప్పటికి చేతిలో పని తక్కువగా ఉండేలా చూసుకోవచ్చు.

సమాఖ్యకు మూడు మనవులు

మొదటిది. ప్రతి ఉగాదికి మన సమాఖ్య ఒకే ఒక్క కాగితం వేయాలి. ఎడమవైపు తెలుగు మాసం, తిథి. కుడివైపు తమిళ నెల, తేదీ. నడుమ ఇంగ్లీషు తేదీ. మన పండుగలు, మన నోములు, అధిక మాసం, మూఢం, పెళ్లిళ్లు లేని రోజులు అందులో ఉండాలి. ఏ పంచాంగం ప్రకారం లెక్కకట్టారో కింద రాయాలి. వాట్సాప్‌లో పంపితే అందరికీ చేరుతుంది, కానీ పెద్దవాళ్ల కోసం కొన్ని అచ్చు కూడా వేయండి.

రెండోది. ఆ కాగితాన్ని తెలుగు లిపిలో, తమిళ లిపిలో రెండిట్లోనూ వేయండి. పిల్లలు తమిళ లిపిలో చదివి, పక్కనున్న తెలుగు అక్షరం గుర్తుపడతారు. ఆదివారం ఒక గంట తెలుగు అక్షరాలు నేర్పించే అక్కయ్యలు మనలో ఉన్నారు, వాళ్లకు ఒక గది, ఒక బోర్డు ఇవ్వండి. పన్నెండు మాసాల పేర్లు, పదిహేను తిథులు, ఇరవై ఏడు నక్షత్రాలు. ఈ పేర్లు చదవడం వస్తే పంచాంగం సగం వచ్చినట్టే.

మూడోది. ప్రతి ఇంట్లో నోటుబుక్కు. పోయినవాళ్ల తిథులు, ఇలవేలుపు పండుగ, ఇంటి నోము ఎలా చేస్తారు, నోము దారం ఎవరి చేతి మీదుగా వచ్చింది, ఇవన్నీ ఇప్పుడే, నాయనమ్మ, అమ్మమ్మ ఉండగానే రాయించండి. వాళ్లు చెబితే మీరు రాయండి. రాయడం రాకపోతే ఫోనులో రికార్డు చేయండి.

రెండు పంచాంగాలు ఉండడం మనకు బరువు కాదు. పడుగు ఒకవైపు పోతుంది, పేక అడ్డంగా పోతుంది, రెండూ ఒకదాన్నొకటి పట్టుకుంటేనే గుడ్డ. సూర్యుడి లెక్క మనకు ఈ ఊరు ఇచ్చింది, చంద్రుడి లెక్క మన తాతలు ఇచ్చారు. ఏ పోగు ఎటు పోతుందో తెలిసి నేసుకుందాం.

 పిల్లలు భోజనాలకు చూస్తున్నారు, ఇక సెలవు.